రెండు విమాన సంస్థలు ఒకటి కానున్నవట!

ఫలానా రెండు పెద్ద విమాన సంస్థలు ఏకము కానున్నవని ఒకనాడు, అట్టిదేమియు లేదని మరునాడు పత్రికలలో వార్తలు వెలువడుచుండును. పెండ్లి మాటలవలె ఇవియు ఇరుపక్షములవారు కాదనుచుండగనే లోలోపల సాగుచుండుట కలదు. ఇట్టి వార్త కంటబడినపుడు దానిని ఎట్లు అర్థము చేసికొనవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మొదట ఈ వ్యాపారపు స్వభావము తెలియవలెను. కూరగాయలమ్మువాడు సాయంకాలమునకు ధర తగ్గించియైనను సరకు వదిలించుకొనగలడు. విమానము ఎగిరిన పిమ్మట అందలి ఖాళీ సీటును ఎవరికిని అమ్ముటకు వీలులేదు. ప్రయాణికులు ఇరువదిమంది యున్నను, నూరుమంది యున్నను సిబ్బంది జీతములు, విమానపు అద్దె, విమానాశ్రయ రుసుములు ఇంచుమించు ఒక్కటే. కావున ఇంధనపు ధర పెరిగినపుడును, పోటీవలన టిక్కెట్టు ధర పడిపోయినపుడును సంస్థల చూపు విలీనము వైపు మరలును.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త కాదు. హైదరాబాదులో బేగంపేట కేంద్రముగా దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థ నడచుచుండెను. నిజాం ప్రభుత్వమునకు అందు అధిక భాగము వాటా యుండెను. యుద్ధానంతరము డకోటా విమానములు చవుకగా లభించుటచే దేశమందు సంస్థలు అవసరమునకు మించి బయలుదేరి నష్టములలో చిక్కుకొనినవి. 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో కూడ ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో లీనమైనవి. ఆ విలీనమును వ్యాపారపు బేరము గాక, పార్లమెంటు చేసిన చట్టము నిర్ణయించినది.

బేరములచే జరుగు విలీనములు ఇంత సూటిగా నడువవు. 2008లో అమెరికాలో డెల్టా, నార్త్‌వెస్ట్ సంస్థల విలీనమును గూర్చి నెలల తరబడి ఊహాగానములు సాగినవి. ముడి చమురు బ్యారెల్ ధర నూరు డాలర్లు దాటిన కాలమది. నార్త్‌వెస్ట్‌కు ఆసియా మార్గములు, డెల్టాకు అట్లాంటిక్ మార్గములు బలముగా నుండుటచే జోడు కుదిరినట్లే తోచెను. ఐనను విమానచోదకుల సీనియారిటీ పట్టికవద్ద మాటలు నిలిచిపోయినవి. ఎవరు ఏ విమానము నడుపవలెనో, ఎవరికి ఎంత జీతమో ఆ పట్టికయే నిర్ణయించును గదా! తుదకు ఆ చిక్కు తేలకుండగనే ఏప్రిల్‌లో విలీనమును ప్రకటించిరి. ఆ నెలలోనే యునైటెడ్‌తో మాటలాడుచుండిన కాంటినెంటల్ సంస్థ వెనుకకు తగ్గినది. కాని 2010లో ఆ రెండును ఏకమైనవి. అనగా నేడు అసత్యమైన వదంతి రేపు సత్యము కావచ్చును.

మన దేశమున 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమైనవి. ఒకటి ప్రధానముగా విదేశములకు, రెండవది ప్రధానముగా స్వదేశమున నడుచునది గనుక లెక్కలలో అది చక్కని జోడియే. కాని ఒకరివి ఎక్కువగా బోయింగులు, ఇంకొకరివి ఎయిర్‌బస్సులు. జీతములు వేరు, పదోన్నతులు వేరు. క్రొత్త డ్రీమ్‌లైనర్ విమానములపై శిక్షణ ఎవరికి ఈయవలెనను వివాదముపై 2012లో చోదకులు రెండు మాసములపాటు సమ్మె చేసిరి. కాగితముపై కలిసినంత సులభముగా మనుష్యులు కలియరు.

ఇక ప్రయాణికుని సంగతి. ఒక మార్గమున పోటీపడు రెండు సంస్థలు ఒకటైనచో టిక్కెట్టు ధర పెరుగునేమో, చిన్న పట్టణములకు విమానములు తగ్గునేమోయను భయము నిరాధారము కాదు. అందుచేతనే ప్రభుత్వములు అడ్డుపడుచుండును. చవుక టిక్కెట్లను నమ్ముకొన్నవారికి హాని కలుగునని 2024 జనవరిలో అమెరికా న్యాయస్థానము జెట్‌బ్లూ, స్పిరిట్ సంస్థల విలీనమును నిలిపివేసినది. అదే యేట నవంబరులో స్పిరిట్ దివాలా రక్షణ కోరవలసివచ్చినది. పోటీని కాపాడబూనినను పోటీదారు నిలుచునని నమ్మకము లేదు. మన దేశమున విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసినది. పోటీ కమిషన్ అంతకుముందే, 2023లో, షరతులతో అనుమతి నిచ్చెను. ఆ సంవత్సరాంతమునకు స్వదేశీ ప్రయాణికులలో పదిమందికి దాదాపు తొమ్మండుగురు ఇండిగో, ఎయిర్ ఇండియా వర్గములనే ఆశ్రయించుచుండిరి.

కావున ఇట్టి వార్త వచ్చినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఆ రెండింటి మార్గములు ఒండొంటికి పూరకములా, లేక ఒకే దారిలో పోటీలా? ఇరువురిలో అప్పులు ఎవరికి ఎక్కువ? సిబ్బందియు, ప్రభుత్వమును ఏమనుచున్నారు? మొదటిదానివలన మన టిక్కెట్టు ధర సంగతియు, రెండవదానివలన వారి తొందరయు, మూడవదానివలన ఆ సంబంధము కుదురునో లేదో తెలియును. సంస్థాధిపతుల ప్రకటనలకంటె ఈ మూడు సమాధానములే నమ్మదగినవని మా అభిప్రాయము.