మీకు తెలుసా? ఉబ్బిన ఫించ్ బొద్దుగా ఉన్నట్టు కాదు

ఆస్ట్రేలియాకు చెందిన జీబ్రా ఫించ్ పిట్ట బరువు సుమారు 12 గ్రాములే. జబ్బు చేసినా వీలైనంతవరకు పైకి కనబడనివ్వదు. నలతగా కనిపించిన పిట్టనే డేగ ముందు తన్నుకుపోతుంది మరి! ఈకలు ఉబ్బించుకుని, పట్టపగలు పంజరం అడుగున కునుకుతుంటే ముద్దుగా ఉందని మురిసిపోకండి. ఒంటి వేడి నిలుపుకోలేక అవస్థ పడుతోందన్నమాట. ఆ వేడి మామూలుగానే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అందుకే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేలోగా వెచ్చదనం ఇవ్వాలి. పంజరానికి ఒక పక్క మాత్రమే సుమారు 30 డిగ్రీలు ఉండేలా బల్బు పెడితే, వేడెక్కువైనప్పుడు రెండో పక్కకు జరుగుతుంది. గింజలు, నీళ్లు పక్కనే ఉంచాలి. ఇంత చిన్న ప్రాణికి ఒక్కరోజు పస్తు కూడా ప్రమాదమే. బలవంతంగా నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పంజరాన్ని వంటింట్లో మాత్రం పెట్టొద్దు. అతిగా కాలిన నాన్‌స్టిక్ పెనం నుంచి వచ్చే పొగకు పిట్టలు నిమిషాల్లో చచ్చిపోగలవు.