ఒక్క సెంటుకే మంచి పేరు!

అమ్మకానికో పొడుపుకథ. ధర ఒక్క సెంటు. పార్సిల్ ఖర్చు లేదు. కొన్నవారికి మంచి రేటింగ్ గ్యారంటీ!

2000ల మధ్యలో అమెరికాలోని ఈబే వేలం సైటులో ఈ తరహా ప్రకటనలు కనిపించేవి. సెంటంటే అప్పటి లెక్కలో మన అర్ధరూపాయి కూడా కాదు. ప్రకటన పెట్టినందుకు సైటుకు కట్టే రుసుమే అంతకు ఎన్నో రెట్లు. మరి చేతిడబ్బులు పోగొట్టుకుని ఎవరైనా పొడుపుకథలు ఎందుకు అమ్ముతారు? పేరు కోసం!

మనం కొత్త దుకాణంలో పట్టుచీర కొనాలంటే ముందు పక్కింటి పిన్నిగారిని అడుగుతాం. ఆన్‌లైన్‌లో ఆ పిన్నిగారు ఉండరుగా. 1995లో ఈబేని మొదలుపెట్టిన పియర్ ఒమిడ్యార్ మరుసటి ఏడాదే దానికో ఉపాయం కనిపెట్టాడు. బేరం అయ్యాక కొన్నవారూ అమ్మినవారూ ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి. బాగుంటే ఒకటి కలుపుతారు, బాగోకపోతే ఒకటి తీసేస్తారు. ఆ మొత్తం పేరు పక్కనే కనిపిస్తుంది.

ఆ అంకెకు విలువ ఉందా అంటే, ఉంది. అనుభవజ్ఞుడైన ఓ విక్రేతతో కలిసి పాల్ రెస్నిక్ తదితర పరిశోధకులు పాత పోస్టుకార్డులు అమ్మించి చూశారు. ఒకేలాంటి సరుకు... కొంత అతని పాత ఖాతాలో, కొంత కొత్త పేర్లతో. 2006లో వెలువడిన ఫలితం ఏంటంటే, మంచిపేరున్న ఖాతాకి కొన్నవాళ్లు దాదాపు 8 శాతం ఎక్కువ చెల్లించారు!

ఇంకేముంది, పేరుకు రేటు పలికితే దాన్ని తయారుచేసేవాళ్లూ పుట్టుకొస్తారు. పొడుపుకథకు వచ్చిన మార్కూ, కారు అమ్మితే వచ్చిన మార్కూ సైటు లెక్కలో ఒకటే. ఒకే మనిషి పదిసార్లు మెచ్చుకున్నా ఒక్క మార్కే కాబట్టి, వేర్వేరు మనుషులు కావాలి. అందుకే ఈ సెంటు సంత. ఒంటె అందానికి గాడిద, గాడిద పాటకు ఒంటె మురిసిపోయిన సామెతే! బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నిఫర్ బ్రౌన్, జాన్ మోర్గాన్ 2006లో ఈ సంత గుట్టు విప్పారు.

ముఠాల తెలివి ఇంకో మెట్టు పైన ఉండేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టోస్ ఫలూత్సోస్ బృందం 2007లో 'నెట్‌ప్రోబ్' పేరుతో ఓ విధానాన్ని ప్రకటించింది. మోసగాళ్ల ఖాతాలు ఒకదానికొకటి మార్కులు వేసుకోవట. ఒకటి దొరికితే తక్కినవీ దొరుకుతాయని భయం. మధ్యలో 'సహాయకుల' ఖాతాలుంటాయి. అవి మామూలు జనంతో నిజాయతీగా చిన్నచిన్న బేరాలు చేస్తూ, పనిలో పనిగా మోసగాళ్లకు మార్కులు వేస్తుంటాయి. మోసగాడు ఖరీదైన సరుకు చూపించి డబ్బు వసూలు చేసుకుని మాయమవుతాడు. సైటు అతని ఖాతా మూసేస్తుంది. సహాయకులు మాత్రం పెద్దమనుషుల్లా అక్కడే ఉండి మరో మోసగాణ్ని పెంచుతారు! అందుకే విడివిడిగా ఒక్కో ఖాతానూ చూడకుండా, ఎవరు ఎవరితో బేరమాడుతున్నారన్న అల్లికను చూసి పట్టుకోవాలన్నది ఆ బృందం ఆలోచన.

అసలు కొనుగోలుదారులైనా నిజం చెప్పేవారా? అమ్మినవాణ్ని తిడితే అతనూ తిరిగి చెడ్డ మార్కు వేస్తాడని చాలామంది నోరు మూసుకునేవారు. కొనుగోలుదారులకు విక్రేతలు చెడ్డ మార్కు వేసే వీలును ఈబే 2008లో తీసేసింది.

మనదేశంలో 'బాజీ డాట్ కామ్'ని 2004లో ఈబే కొనేసింది. ఆ ఈబే ఇండియా దుకాణం 2018లో మూతపడింది. అయితే నకిలీ మెప్పులు మాత్రం షాపింగ్ సైట్లలో సమీక్షలుగా, నక్షత్రాలుగా కొనసాగుతూనే ఉన్నాయి. అమెరికాలో వాటి కొనుగోళ్లూ అమ్మకాలపై నిషేధం 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 పేరుతో ఓ ప్రమాణం తెచ్చింది. కానీ పాటించాలన్న నిర్బంధం లేదు!

కాబట్టి ఫోనో, టీవీయో కొనేముందు నక్షత్రాలతోపాటు తేదీలూ చూడండి. మెప్పులన్నీ నాలుగైదు రోజుల్లోనే వచ్చిపడ్డాయా? అంతకుముందు అమ్మినవన్నీ పిన్నీసులూ స్టిక్కర్లేనా? అమ్మే మనిషి సైటు బయట డబ్బు పంపమంటే అక్కడితో ఆపేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. వస్తువు విషయంలో పేచీ వస్తే వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.