అద్దె రసీదులో ఎవరి పేరున్నది?

ముంబయిలో మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో ఎవరినైనా ఇల్లెక్కడ అని అడిగి చూడండి. "ఫలానా చాల్‌లో మా ఖోలీ ఉన్నది" అంటారు. ఆ "మా" అన్న మాటలో సందేహం లేశమైనా వినిపించదు. తాతగారు వచ్చి దిగిన గది అది. తండ్రి అక్కడే పుట్టినాడు. కొడుకు పెండ్లి అక్కడినుండే జరిగినది. అయినా నెల తిరిగేసరికి దానికి అద్దె కడుతూనే ఉంటాం. సొంతమా అంటే కాదు. పరాయిదా అంటే మనసొప్పదు. నగరం నడిబొడ్డున అద్దె గదిలో కాపురమంటే యీ రెంటి నడుమ బ్రతుకే. ఆ బ్రతుకులోని సుఖదుఃఖాలు మన పాఠకులకు తెలియనివి కావు. కాని దానికంతటికీ ఆధారమైన ఒక చిన్న కాగితాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

మనవాళ్లు యీ నగరానికి రావడం నిన్నమొన్నటి మాట కాదు. నిజాం రాజ్యంనుండి వచ్చి యీ ఊరి కట్టడాలకు రాళ్లు మోసిన కామాఠీల పేరుమీదనే కామాఠీపురా వెలసినది. బట్టల మిల్లులు పెరిగినకొద్దీ తెలంగాణ జిల్లాల పద్మశాలీలు, ఇతర పనివారు వచ్చి పరేల్, వర్లీ, ప్రభాదేవి ప్రాంతాలలో కుదురుకున్నారు. 1896లో నగరంలో ప్లేగు చెలరేగిన పిమ్మట 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడి కొన్ని చాళ్లు కట్టించినది. 1920ల దశకంలో డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో 207 భవనాలు లేపినది. వాటినే బి.డి.డి. చాళ్లంటారు. భవనానికి నాలుగు వరుసలు, 80 గదులు. గదికి 160 చదరపు అడుగులు. ప్రైవేటు యజమానులు గిర్‌గావ్, లాల్‌బాగ్ మొదలైన చోట్ల కట్టించినవి వీటికి అదనం.

అంత గదిలోనే ఒక మూల పొయ్యి, ఒక మూల మోరీ. స్నానమూ అందులోనే, అంట్లు తోమడమూ అందులోనే. పెట్టెలు అటకమీద, పరుపులు మంచం క్రింద. మరుగుదొడ్లు మాత్రం అంతస్తు కంతటికీ ఉమ్మడి. మిల్లులలో మూడు షిఫ్టులు నడిచిన రోజులలో ఒకరు లేచిన చాపమీద మరొకరు నడుము వాల్చేవారు. తెల్లవారకముందే గ్యాలరీలో కేక: "వదినా, నల్లా వచ్చింది, లేవండి!" ఆ కేకకు లేవని ఇంటికి ఆ పూట నీళ్లుండవు. అయితే ఒక ఇంట జ్వరం వస్తే నాలుగిండ్లనుండి కషాయాలు వచ్చేదీ అక్కడే. పగటిపూట తలుపు మూసుకుంటే "ఒంట్లో బాగాలేదా అక్కా?" అని పలకరింపు. రైలు స్టేషను, బడి, బజారు అన్నీ కాలినడక దూరమే. యీ సదుపాయం ఊరి బయట పెద్ద ఇంట్లో దొరకదు గనుకనే మన పెద్దలు ఇరుకును ఓర్చుకొన్నారు.

ఇంకొక కారణం అద్దె. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇండ్లకు కరువు ఏర్పడినది. 1947లో వచ్చిన బొంబాయి అద్దె చట్టం, 1940 సెప్టెంబరు 1వ తేదీనాటి అద్దెనే చాలా గదులకు ప్రమాణంగా నిలిపినది. ధరలన్నీ ఆకాశానికెక్కినా ఆ అద్దె మాత్రం దాదాపు కదలలేదు. కొన్నాళ్ల ముచ్చటగా పుట్టిన చట్టం అర్ధ శతాబ్దం నడిచినది. ఆ స్తంభించిన అద్దెలు న్యాయసమ్మతం కావని 1997లో సుప్రీంకోర్టు చెప్పినది. తరువాత 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 2000 మార్చి 31 నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం ఏటా నూటికి నాలుగు వంతున అద్దె పెంచుకొనే వీలు యజమానికి కలదు.

అద్దె పెరగకపోతే మనకు లాభమే గదా అనిపిస్తుంది. కాని వచ్చే అద్దె సున్నం వేయించడానికైనా చాలనప్పుడు యజమాని మరమ్మతు మాట మరచిపోతాడు. మెట్లు విరుగుతవి, కప్పు కారుతుంది, దూలాల క్రింద కర్రమోపులు నిలబడతవి. పాత భవనాలు కూలుతున్నందువల్లనే 1969లో ప్రత్యేక చట్టం చేసి, సెస్సు వసూలుచేసి, మరమ్మతు బోర్డును ఏర్పరచినారు. నేడు ఆ బోర్డు మాడా సంస్థలో భాగం.

అద్దె చవుక కావడంతో గది చేతులు మారేటప్పుడు పెద్ద మొత్తం ఇచ్చే ఆచారం బలపడినది. అదే పగిడీ. పాత కిరాయిదారు కొత్తవానికి గది అప్పగించి సొమ్ము పుచ్చుకొంటాడు. అందులో సాధారణంగా మూడవ వంతు యజమానికి చెల్లుతుంది. అతడు కొత్తవాని పేర రసీదు వ్రాసిస్తాడు. చాటుమాటుగా సాగిన యీ పద్ధతిని 1999 చట్టం ఒప్పుకొన్నది. ఇక్కడ గమనించవలసినది ఒకటే. వేలు పోసినా లక్షలు పోసినా మన చేతికి వచ్చేది ఇల్లు కాదు, రసీదు. గోడలు యజమానివి, అందులో కాపురం చేసే హక్కు మనది. ఆ హక్కుకు గురుతు ఆ కాగితం.

మరి ఆ కాగితంలో ఎవరి పేరున్నది? మాకు తెలిసిన ఒక ఇంటిలో మామగారు పోయి చాలా ఏండ్లయినది. రసీదు ఇంకా ఆయన పేరనే వస్తున్నది. ఆయన పెద్దకొడుకు 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెలో పని పోగొట్టుకొని, అప్పులతో కుంగి, తరువాత కొన్నాళ్లకు కాలం చేసినాడు. ఆ కోడలు ఇండ్లలో వంటచేసి పిల్లలను పెంచినది, నెల తప్పకుండా అద్దె కట్టినది. ఊరిలో స్థిరపడిన మరిది, భవనం తిరిగి కట్టబోతున్నారనగానే వచ్చి, "వదినా, గది నాన్న పేరున ఉన్నది, నాకూ సమాన భాగం" అన్నాడు. ఆమె నివ్వెరపోయినది. "ఇన్నాళ్లు అద్దె కట్టింది నేను గదయ్యా!" అన్నది. యజమాని ఎవరి పక్షమూ వహించక రసీదే ఆపివేసినాడు. తగవు కోర్టుకెక్కినది. ఆమె కష్టమంతా నిజమే గాని, దానికి కాగితంమీద ఒక్క అక్షరం సాక్ష్యం లేదు.

కిరాయిదారు మరణించినప్పుడు, ఆ సమయానికి అతనితో కలిసి అక్కడే కాపురమున్న కుటుంబ సభ్యునికి హక్కు సంక్రమిస్తుందని చట్టం చెబుతున్నది. అట్టివారు లేకుంటే వారసులకు. ఒకరికంటె ఎక్కువమంది ఉండి ఒడంబడిక కుదరకుంటే కోర్టు నిర్ణయిస్తుంది. కాబట్టి ఇంటిపెద్ద పోయిన ఏడాదిలోనే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కూర్చుని, మనసులు విరగకముందే ఒకరి పేరు నిర్ణయించి, వ్రాతపూర్వకంగా యజమానికి తెలియజేయడం మంచిది. మరణ ధ్రువపత్రము, రేషను కార్డు, కరెంటు బిల్లులు, ఓటర్ల జాబితాలోని పేర్లు, పాత రసీదులు ఒకచోట భద్రపరచాలి. ఆ గదిలో దీపం వెలిగించే ఇల్లాలి పేరు వ్రాయించడానికి ఏ చట్టమూ అడ్డురాదు. మన అలవాటే అడ్డు.

పుచ్చుకొన్న అద్దెకు రసీదు ఇవ్వడం యజమాని విధి. అతడు అద్దె తీసుకొననంటే ఊరకుండరాదు. మనియార్డరు చేసి, తిరిగివచ్చిన కాగితం దాచుకొనవలెను. బకాయి ఉన్నదని యజమాని వ్రాతపూర్వకంగా నోటీసు ఇస్తే, 90 రోజులు గడిచేదాకా ఆ కారణంమీద అతడు దావా వేయలేడు. ఆ గడువులో బకాయి చెల్లించితే గండం గడుస్తుంది. నోటీసును గూటిలో పెట్టి మరచిపోతే గది గల్లంతే.

ఊరికి వెళ్లి గదికి తాళంవేసి ఉంచేవారు మరింత జాగ్రత్తపడాలి. తగిన కారణం లేకుండా వరుసగా ఆరు నెలలు గదిని వాడకుండా ఉంచితే, ఖాళీ చేయించడానికి యజమానికి అది ఒక ఆధారం. అతని సమ్మతి లేక మరొకరికి అద్దెకిచ్చినా అంతే.

నేటి యువకులకు పగిడీ కథలు పురాణాలుగా తోచవచ్చు. వారు ఎత్తైన మేడలో 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందంమీద ఫ్లాటు తీసుకొంటున్నారు. అందులోను కాగితమే ప్రధానం. మహారాష్ట్రలో ఆ ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావలెను. ఆ బాధ్యత యజమానిది. గడువు దాటి కదలకుంటే రెట్టింపు రుసుము చెల్లించవలసి రావచ్చు. తాతకు దొరికిన స్థిరత్వం మనుమనికి లేదు. మనుమనికున్న స్నానాల గది తాతకు లేదు.

ఇప్పుడు పాత చాళ్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నవి. వర్లీ బి.డి.డి. చాళ్ల స్థానంలో కట్టిన మేడలలో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళంచెవులు 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబాలకు అందినవి. అవి ప్రభుత్వపు చాళ్లు. ప్రైవేటు యజమానుల సెస్సు భవనాలు తిరిగి కట్టేటప్పుడు, నివాసం ఉన్న అర్హుడైన కిరాయిదారుకు కనీసం 300 చదరపు అడుగులు ఇవ్వవలెనని నియమం. రెండు చోట్లా ముందుగా తయారయ్యేది పేర్ల పట్టిక. గ్యాలరీలో మీరు పంచుకొన్న నీళ్లు, పండుగలు, కష్టాలు ఆ పట్టికకెక్కవు. పేరు మాత్రమే ఎక్కుతుంది.

అందుచేత మా మనవి ఒక్కటే. యీ సంచిక చేతికందిన ఆదివారమే పెట్టె అడుగున ఉన్న రసీదును బయటికి తీయండి. అందులో ఎవరి పేరున్నదో ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.