ఎగిరాక రిపేరు ఉండదు: మన పడవలకు కబురు మోసే ఉపగ్రహాన్ని నేల మీద ఎలా పరీక్షిస్తారు?

భోగాపురం మండలంలోని ముక్కాం, చేపలకంచేరు లాంటి ఊళ్ల నుంచి వేటకెళ్లే వాళ్లకు ఒడ్డు దాటి కొంత దూరం పోగానే సెల్ సిగ్నల్ పోతుంది. ఇక ఇంటికి కబురు ఉండదు. 2018 నవంబర్‌లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లు వాఘా మీదుగా ఇంటిదారి పట్టింది 2020 జనవరిలోనే. ‘తండేల్’ సినిమాకు ఆధారం ఆ ఘటనే.

సరిహద్దు దగ్గరపడితే హెచ్చరించడానికి, తుపాను కబురు అందించడానికి, ఆపదలో సాయం అడగడానికి పడవల్లో ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న ప్రారంభించింది. లక్ష పడవలు లక్ష్యం, ఖర్చు సుమారు 360 కోట్లు. ఈ పెట్టె పంపే కబురు 36 వేల కిలోమీటర్ల పైనున్న జీశాట్-6కు చేరి, అక్కడి నుంచి నేలకు దిగుతుంది. 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి పంపిన ఉపగ్రహం అది. అంత దూరం వెళ్లి బాగుచేసే మెకానిక్ ఎవరూ లేరు కదా. అందుకే పరీక్షలన్నీ కిందే జరగాలి.

ఈ పని ఎక్కువగా బెంగళూరులో, ఇస్రో వాళ్ల యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో జరుగుతుంది. రాకెట్ కుదుపును తట్టుకుంటుందా అని ఉపగ్రహాన్ని బల్లకు బిగించి ఊపుతారు. చెవులు పగిలే శబ్దం మధ్య పెడతారు. గాలి తీసేసిన పెద్ద గదిలో రోజుల తరబడి మార్చి మార్చి వేడి, చలి చూపిస్తారు.

యాంటెన్నా పరీక్ష వేరు. దానికి గోడల నిండా నురుగు శంకువులు అతికించిన గది ఉంటుంది. అవి రేడియో తరంగాలను పీల్చేస్తాయి, ప్రతిధ్వని రాదు. అంటే గదిలో ఉన్నా ఆకాశంలో ఉన్నట్టే. జీశాట్-6 యాంటెన్నా 6 మీటర్ల వెడల్పు, గొడుగులా మడిచి పంపారు. అలాంటిది నేల మీద తెరిచి చూడాలంటే దాని బరువే దానికి అడ్డు. పై నుంచి వేలాడదీసి, బరువు తెలియకుండా చేసి విప్పుతారు.

వీటన్నిటి పక్కన చెకౌట్ పరికరాలు ఉంటాయి. ఒకటి సౌరఫలకాల బదులు కరెంటిస్తుంది. ఇంకొకటి భూమి నుంచి వచ్చినట్టే సిగ్నల్ పంపుతుంది. మరొకటి తిరిగొచ్చిన సిగ్నల్ బలం, ఫ్రీక్వెన్సీ కొలుస్తుంది. కామర్స్ భాషలో చెప్పాలంటే ఇది ఆడిట్. ప్రతి పరీక్షకు ముందూ తర్వాతా అంకెలు సరిపోవాలి.

అయినా తప్పించుకునే లోపాలు ఉంటాయి. జీశాట్-6కు తోడుగా 2018 మార్చి 29న పంపిన జీశాట్-6ఏ రెండు రోజులకే మూగబోయింది. విద్యుత్ వ్యవస్థ మీద అనుమానం వచ్చింది. అప్పటికే 5,854 కిలోల జీశాట్-11 ప్రయోగం కోసం ఫ్రెంచ్ గయానా చేరింది. మే నెలలో ఎగరాల్సిన దాన్ని ఇస్రో మళ్లీ పరీక్షించడానికి బెంగళూరు వెనక్కి తెప్పించింది. ఆలస్యానికి విమర్శలు మామూలే. కానీ నా లెక్కలో అది నష్టం కాదు. డిసెంబర్ 5న ఎగిరి సక్రమంగా కక్ష్యకు చేరింది.

పడవ మీది పెట్టెకూ చిన్న జాగ్రత్త ఉంది. దానికి ఆకాశం కనబడాలి. పైన రేకు గానీ ఇనుప సామాను గానీ అడ్డం పెడితే పైన ఉపగ్రహం ఎంత బాగున్నా కబురు వెళ్లదు.