రొమ్ము క్యాన్సరు – జన్యువులు తెలుపు జాతులు

ఆకాశమందలి కర్కాటక రాశిని ఉర్దూలో ‘బుర్జె సర్తాన్’ అందురు. సర్తాన్ అనగా పీత. క్యాన్సరు వ్యాధికి కూడ ఉర్దూలో ఈ పేరే కలదు. ‘క్యాన్సర్’ అను మాటకు మూలమైన లాటిన్ పదమునకును అర్థమిదే. గడ్డ చుట్టును ఉబ్బిన నరములు పీత కాళ్ళవలె కనిపించుటచే ప్రాచీన గ్రీకు వైద్యులు ఈ పోలిక తెచ్చిరి. పేరు ఒక్కటియే గాని వ్యాధి ఒక్కటి కాదు. ఒక్క రొమ్ము క్యాన్సరులోనే పలు జాతులున్నవి. ఆ సంగతిని మన విద్యార్థినీ విద్యార్థులకు తేటపరచుటయే మా ఉద్దేశము.

మన దేశమున స్త్రీలకు వచ్చు క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరుదే ప్రథమ స్థానము. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారము 2022లో భారతదేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలలో ఇది కొత్తగా బయటపడినది. సుమారు 98,000 మంది మరణించిరి. కనుక ఇది కేవలము ప్రయోగశాల ముచ్చట కాదు. మన ఇండ్లలోని తల్లుల, అక్కచెల్లెండ్ర సంగతి.

ముందుగా జన్యు వ్యక్తీకరణ అన నేమి? మన బొబ్బిలి వీణను తీసికొందము. ప్రతి వీణకును మెట్లు ఇరువది నాలుగే. ఏ మెట్టుపై ఏ తంత్రి ఎంతసేపు పలికినదో దానిని బట్టి రాగము మారును. అట్లే మానవుని ప్రతి కణములోను దాదాపు అవే జన్యువులు, సుమారు 20,000, కలవు. వానిలో కొన్ని గట్టిగా పలుకును, కొన్ని మెల్లగా పలుకును, కొన్ని మౌనముగా నుండును. పలికిన జన్యువు ఆర్.ఎన్.ఎ. అను వార్తాహరుని పంపును. ఆ ఆర్.ఎన్.ఎ. ఎంత యున్నదో కొలిచినచో ఏ జన్యువు ఎంత పలికినదో తెలియును. ఈ కొలతయే జన్యు వ్యక్తీకరణ పరీక్ష.

2000వ సంవత్సరమున అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ పెరూ, డేవిడ్ బాట్‌స్టీన్, పాట్రిక్ బ్రౌన్ మొదలగువారు 42 మందినుండి సేకరించిన 65 నమూనాలలో 8,102 జన్యువులను ఒక్కమారుగా కొలిచిరి. అందులో 20 గడ్డలను మందు ఇచ్చుటకు ముందొకసారి, తరువాత నొకసారి పరీక్షించిరి. ఒకే స్త్రీ గడ్డనుండి తీసిన రెండు నమూనాలు చాలవరకు ఒకదానినొకటి పోలియుండెను. ఇతరుల గడ్డలను అంతగా పోలలేదు. అనగా ప్రతి గడ్డకును తనదైన ముఖచ్ఛాయ కలదన్నమాట. ఆ ఛాయలను బట్టి గడ్డలు కొన్ని కుటుంబములుగా చేరినవి.

వానిలో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది ల్యూమినల్-ఎ. ఈస్ట్రోజన్ హార్మోనును అందుకొను గ్రాహకములు దీనికి మెండు, పెరుగుదల మెల్లన. టామాక్సిఫెన్ వంటి మాత్రలకు ఇది బాగుగా లొంగును. రెండవది ల్యూమినల్-బి, ఇదియు హార్మోను జాతియే గాని వడిగా పెరుగును. మూడవది హెర్-2 జాతి. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అను మందు అనుమతి పొందిన పిమ్మట దీని గతి మారినది. నాలుగవది బేసల్ జాతి. దీనిలో అధిక భాగమునకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, హెర్-2 అను మూడు గుర్తులును ఉండవు. అట్టి గడ్డలను ‘ట్రిపుల్ నెగటివ్’ అందురు. పాశ్చాత్య దేశములకంటె మన దేశమున వీని పాలు ఎక్కువ.

ఈ జ్ఞానము చికిత్సకు ఎట్లు ఉపకరించును? 21 జన్యువులను కొలిచి 0 నుండి 100 వరకు అంకె నిచ్చు ఆంకోటైప్ పరీక్ష 2004లో వెలువడెను. ఇందు 16 క్యాన్సరు సంబంధమైనవి. తక్కిన 5 పోలికకు. హార్మోను గ్రాహకములు కలిగి, హెర్-2 లేక, చంకలోని గ్రంథులకు వ్యాధి పాకని 10,273 మంది స్త్రీలు చేరిన ‘టైలర్-ఎక్స్’ పరిశోధన ఫలితములు 2018లో ప్రకటింపబడినవి. అంకె 11 నుండి 25 లోపల నున్న, 50 ఏండ్లు దాటిన స్త్రీలకు హార్మోను మాత్రలతో పాటు కీమోథెరపీ ఇచ్చినను అదనపు లాభము లేదని తేలినది. 50 ఏండ్లు, అంతకు లోపు వారిలో అంకె 16 నుండి 25 వరకు నున్నచో కొంత లాభము కనిపించెను. జుట్టు రాలుట, వాంతులు, కూలి పోవుట, అప్పులు – ఇన్ని బాధలు పెట్టు మందును అక్కర లేనివారికి తప్పించుట, అక్కర యున్నవారికి తప్పక ఇచ్చుట: ఈ వివేకమే పరీక్ష యొక్క ఫలము.

కీమోథెరపీని చులకన చేయుట మా అభిమతము కాదు. రొమ్ము క్యాన్సరుకు చిరకాలము వాడిన మందులలో ఒకటైన మెథోట్రెక్సేట్, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినదే. ఆయుధము గొప్పదే, ఎవరిపై ప్రయోగించవలెనో తెలియుటయే ముఖ్యము.

విదేశీ జన్యు పరీక్షకు వ్యయము లక్షలలో నుండును. సామాన్య కుటుంబము దానిని భరించుట ఎట్లు? ఇచట నిరాశ పడనక్కర లేదు. గడ్డ ముక్కకు రంగులు వేసి ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2, కి-67 అను నాలుగు ప్రోటీనులను సూక్ష్మదర్శినితో పరిశీలించినచో జాతి చాలవరకు తెలియును. ఇది జన్యు పరీక్షకు సరిసమానము కాకున్నను నిత్య చికిత్సకు ఆధారము ఇదియే. ఐదు ప్రోటీనుల ఆధారముగా వ్యాధి తిరుగబెట్టు అవకాశమును అంచనా వేయు ‘క్యాన్‌అసిస్ట్ బ్రెస్ట్’ అను పరీక్ష మన బెంగుళూరులోనే రూపొందినది.

హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన క్యాన్సరు ఆసుపత్రి ఒకప్పుడు మన జిల్లాలవారికి బహుదూరము. నేడు టాటా స్మారక సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి విశాఖ సమీపమున అగనంపూడిలోనే కలదు. పేదలకై 2007లో ఆరోగ్యశ్రీ పథకమును తొలుత ప్రారంభించిన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళము ఒకటి.

ఐనను ఎంతటి పరీక్షయైనను ఆసుపత్రికి వచ్చిన గడ్డనే చదువగలదు. పైట చాటున, బురఖా చాటున దాచిన గడ్డను చదువలేదు. నొప్పి లేదు గదా యని ఊరకుండరాదు. తొలి దశలో నొప్పి లేకుండుటయే సామాన్యము. విద్యార్థినులారా! మీ ఇంటి పెద్దవారికి ఈ నాలుగు మాటలు చెప్పుడు. ముక్క పరీక్ష జరిగినచో, ‘ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 చూచితిరా?’ అని వైద్యుని వినయముగా అడుగుడు. అట్లు అడుగుటకు మన చదువు ఉపకరించినచో అంతకు మించిన సార్థకత లేదు.