కారు నెత్తిన కబురు కడ్డీ!

తుపాను గాలికి సెల్ టవర్లు మూగబోయినా మాట ఆగకూడదంటే... బండిలో హామ్ రేడియో ఉంటే సరిపోదు. దాని యాంటెనా ఎక్కడ నిలబడిందన్నదే అసలు సంగతి!

2014 అక్టోబరు 12. విశాఖ దగ్గర హుద్‌హుద్ తీరం దాటింది. చెట్లూ కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. సెల్‌ఫోన్లు పలకలేదు. అయినవాళ్ల క్షేమం తెలియక బయటి ఊళ్లలో ఉన్నవాళ్లు తల్లడిల్లిపోయారు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను ముంచెత్తినప్పుడూ ఇదే అవస్థ. అప్పుడు ఆదుకున్నది హామ్ రేడియోనే. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం దీవుల కబుర్లను బయటి ప్రపంచానికి చేరవేసింది.

హామ్ రేడియోకి టవరుతో పనిలేదు. ఓ సెట్టు, యాంటెనా, కాస్త కరెంటు చాలు. ఆ కరెంటు కారు బ్యాటరీలో ఉండనే ఉంది. పైగా అవసరమైన చోటికి కదిలిపోవచ్చు. అందుకే చాలామంది హామ్‌లు కారునే రేడియో స్టేషన్‌గా మార్చుకుంటారు. సెట్టును అమర్చుకోవడం తేలికే. చిక్కంతా యాంటెనాతోనే!

సగం యాంటెనా... కారే!

పైకి కనిపించే కడ్డీ సగం యాంటెనా మాత్రమే. మిగతా సగం దాని కిందున్న ఇనుప రేకు! దగ్గరి ఊళ్లతో మాట్లాడేందుకు వాడే 144-146 మెగాహెర్ట్జ్ బ్యాండులో తరంగం పొడవు సుమారు 2 మీటర్లు. అందులో నాలుగోవంతు, అంటే అర మీటరు కడ్డీ సరిపోతుంది. దాని చుట్టూ అన్నివైపులా ఇంచుమించు అంతే మేర రేకు పరుచుకుని ఉండాలి. అలాంటి చోటు కారు టాపు నడిమధ్యలోనే దొరుకుతుంది. బంపరుకు బిగిస్తే కారు బాడీయే అడ్డొచ్చి మాట ఒకవైపు బాగా, మరోవైపు అంతంతమాత్రంగా వెళుతుంది.

దూరప్రాంతాలకు వాడే 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకైతే ఇదే లెక్కన 10 మీటర్ల కడ్డీ కావాలి. మూడంతస్తుల మేడంత! అందుకే తీగచుట్టను జోడించి కడ్డీని పొట్టిగా చేస్తారు. పొట్టి చేసినకొద్దీ పనితనమూ తగ్గుతుంది.

చిల్లా... అయస్కాంతమా?

టాపుకు చిల్లు పెట్టి బిగించడం అన్నిటికన్నా మేలు. కానీ కొత్త కారుకు చిల్లంటే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా! అందుకే ఎక్కువమంది అయస్కాంతం పీట వైపు మొగ్గుతారు. కావాల్సినప్పుడు పెట్టుకుని, పనయ్యాక తీసేయొచ్చు. పెట్టేముందు మాత్రం టాపునూ పీట అడుగునూ శుభ్రంగా తుడవాలి. ఇసుక రేణువున్నా రంగు గీసుకుపోతుంది. అల్యూమినియం, ఫైబర్ టాపులకు అయస్కాంతం అంటుకోదు. అలాంటప్పుడు డిక్కీ తలుపు అంచుకు మరలతో బిగించే క్లాంపు వాడొచ్చు. ఆ మర కొన రంగును దాటి లోహాన్ని తాకాలి.

ఇవి మరవొద్దు!

* బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో పరీక్షించాలి. 1.5 లోపుంటే భేష్. 2 దాటితే కడ్డీ పొడవును సరిచేసుకోవాలి. లేదంటే శక్తి వెనక్కి తిరిగొచ్చి సెట్టుకే చేటు.

* సెట్టుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోవాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. 50 వాట్ల సెట్టు భారాన్ని సిగరెట్ లైటర్ సాకెట్ మోయలేకపోవచ్చు.

* ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట సెట్టు పెట్టకూడదు.

* ప్రసారం జరుగుతుండగా కడ్డీని ముట్టుకుంటే చర్మం కాలుతుంది. పిల్లలను దూరంగా ఉంచాలి.

* పొడవాటి కడ్డీ ఉంటే కిందికి వేలాడే కరెంటు తీగలు, తక్కువ ఎత్తు వంతెనల దగ్గర జాగ్రత్త.

* మాట్లాడాలంటే బండిని పక్కకు ఆపడమే క్షేమం.

ఇదంతా పరీక్ష నెగ్గి, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ అనుమతి పొందినవాళ్లకే. వాళ్లకైనా తుపాను హెచ్చరిక వచ్చాక మరలూ వైర్లూ వెతుక్కునే తీరిక ఉండదు. ఎండ కాసే ఓ ఆదివారంనాడే యాంటెనా బిగించి, పక్క ఊళ్లోని హామ్ మిత్రుణ్ని పలకరించి చూసుకోవాలి. ఆరోజు అందిన మాటే ఆపదలో ఆసరా!