కొత్త బండితో కొండకా? కాస్త ఆగండి

తిరుపతి: కొత్త ద్విచక్ర వాహనం కొన్నవారు అలిపిరి పాదాల మండపం వద్ద పూజ చేయించి, వెనుక ఒకరిని కూర్చోబెట్టుకుని నేరుగా తిరుమలకు బయలుదేరడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. చిత్తూరు వైపు వారు కాణిపాకం వెళతారు. ఆ దారి చాలావరకు చదునే కనుక బండికి అంత శ్రమ ఉండదు. 1974లో ప్రారంభమైన రెండో ఘాట్‌ రోడ్డు ఎక్కడం మాత్రం కొత్త ఇంజిన్‌కు పెద్ద పరీక్షే.

కొత్త బండిలో పిస్టన్‌ రింగులు, సిలిండర్‌ గోడలు ఇంకా ఒకదానికొకటి కుదురుకోవు. నున్నగా కనిపించే ఆ లోహంపై కంటికి ఆనని గరుకుతనం ఉంటుంది. తొలి వందల కిలోమీటర్లలో అది అరిగి, ఆ పొడి ఇంజిన్‌ ఆయిల్‌లో చేరుతుంది. ఈ దశలో ఇద్దరి బరువుతో, పూర్తి యాక్సిలరేటర్‌పై ఎడతెగని ఎత్తు ఎక్కిస్తే వేడి పెరిగి గోడలపై గీతలు పడే ప్రమాదముంది. తర్వాత ఆయిల్‌ తాగుడు, పొగ, మైలేజీ తగ్గుదల తప్పవు. పూజ అలిపిరిలోనే చేయించి, మొదటి సర్వీసు అయ్యాక కొండెక్కితే స్వామి కాదనడు.

అంతవరకు రేణిగుంట, శ్రీకాళహస్తి రోడ్లపై వేగం మారుస్తూ నడపడం మేలు. గంటల తరబడి ఒకే వేగం కూడా మంచిది కాదు. టాప్‌ గేరులో ఇంజిన్‌ను మూలగనివ్వరాదు. ఉచిత సర్వీసులో సాధారణంగా కూలి మాత్రమే ఉచితం, ఆయిల్‌కు డబ్బు కట్టాలి. అందుకే కొందరు వాయిదా వేస్తారు. లోహపు పొడి కలిసిన ఆ ఆయిల్‌నే ముందుగా మార్చాలన్నది వారు గమనించరు. ఎన్ని కిలోమీటర్లకన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఇక 1944 నాటి మొదటి ఘాట్‌ రోడ్డులో దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని ఇంజిన్‌ ఆపేసి వచ్చేవారున్నారు. ఇది ప్రాణాంతకం. ఇంజిన్‌ ఆపినా, న్యూట్రల్‌లో వేసినా బండి వేగాన్ని పట్టి ఉంచే భారమంతా బ్రేకులపైనే పడుతుంది. వరుస మలుపుల్లో బ్రేకు లైనింగ్‌ వేడెక్కి పట్టు తప్పుతుంది. రెండో గేరులోనో, మూడో గేరులోనో దిగితే ఇంజినే వేగాన్ని అదుపు చేస్తుంది. ఫ్యూయల్‌ ఇంజెక్షన్‌ బండ్లలో యాక్సిలరేటర్‌ వదిలి గేరులో దిగేటప్పుడు పెట్రోలు సరఫరా దాదాపు ఆగిపోతుంది కనుక ఆదా మాటా అర్థం లేనిదే. స్కూటర్‌ వారు సైతం ఇంజిన్‌ ఆపరాదు.

బయలుదేరే ముందు బ్రేకులు, చైను బిగువు చూసుకోవాలి. టైర్లలో గాలిని బండి నడపక ముందు, చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. వెనుక మనిషి ఉంటే వెనుక టైరుకు పుస్తకంలో చెప్పిన మేరకు ఎక్కువ పట్టించాలి.